కైఫీయతుల మెకంజీ దొర

గుంటూరునుండి చిలకలూరిపేటకు పోవు పెద్దబాటపై ఎడ్లపాడు అను గ్రామము గలదు. నేటి పల్నాడు జిల్లాలో చేరిన యీ యూరినుండి చూచినచో కొండవీటి కొండలు కనబడును. ఆ కొండలపై శిథిలమైన బురుజులును, కోటగోడలును, చెరువులును నేటికిని నిలిచియున్నవి. ఒకప్పుడు రెడ్డిరాజులకు రాజధానియై వెలసిన కొండవీడు అదియే. 1325 ప్రాంతమున ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా రాజ్యము స్థాపించెను. ఆయన కుమారుడైన అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చెను. తరువాత ఆ వంశమువారి శాఖయొకటి రాజమహేంద్రవరమును ఏలెను. 1424 ప్రాంతమున కొండవీటి రెడ్డిరాజ్యము అంతరించెను. రాజ్యము పోయిన పిమ్మట కోటను నమ్ముకొని బ్రతికిన కుటుంబములు చాలవఱకు నలుదెసలకు చెదరిపోయినవి.

కొండవీటి, అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ అను ఇంటిపేర్లు గలవారు నేడు తెలుగుదేశమున అనేక స్థలములందు నివసించుచున్నారు. వారిలో పలువురు ఆ యూళ్లను కన్నులార చూచి యెరుగరు. ఒక కుటుంబము సొంతయూరు విడిచి మఱియొక చోట కాపురము పెట్టినపుడు, క్రొత్తయూరివారు ఆ కుటుంబమును పాతయూరి పేరుతో పిలుచుట మన దేశమున వాడుక. ఈ విధముగా ఇంటిపేరు వలసకు గుర్తుగా నిలిచిపోవును. కాని ఆ వలస యెప్పుడు జరిగినది? ఎందులకు జరిగినది? మొదట వచ్చిన పెద్ద యెవరు? ఆయన అన్నదమ్ములు ఏయే యూళ్లకు పోయిరి? ఈ ప్రశ్నలకు ఇంటిపేరు సమాధానము చెప్పజాలదు. పితృకార్యములందు మూడుతరముల పేర్లు చెప్పుకొనుట ఆచారము. నాలుగవ తరము పేరడిగినచో పెద్దలును తడబడుదురు.

రెండువందల యేండ్లకు పూర్వము ఈ ప్రశ్నలను ఊరూరను అడిగించి, వచ్చిన సమాధానములను కాగితములపై వ్రాయించి దాచిన మహానుభావుడొకడు గలడు. ఆయన మన దేశమువాడు కాడు. మన భాష యెరిగినవాడును కాడు. ఆయనయే కర్నల్ కాలిన్ మెకంజీ.

స్కాట్లండు దేశమునకు వాయవ్యమున అట్లాంటిక్ మహాసముద్రములో లూయిస్ అను దీవి గలదు. గాలివానలకు ఆటపట్టైన ఆ దీవిలో స్టోర్నోవే అనునది ముఖ్యమైన రేవుపట్టణము. 1754 ప్రాంతమున మెకంజీ అచ్చట జన్మించెను. తండ్రి మర్డాక్ మెకంజీ ఆ పట్టణమున తపాలా అధికారిగా నుండెను. ఆ దేశమున ఒకే మూలపురుషునకు పుట్టితిమని తలచు కుటుంబములు కలిసి ఒక తెగగా వ్యవహరించుట ఆచారము. మెకంజీ అనగా కెన్నెత్ అను పురుషుని సంతతివారని యర్థము. కాబట్టి వంశమూలములను గూర్చిన మాటలు ఆయనకు ఉగ్గుపాలనాడే చెవిని బడినవని తలపవచ్చును. పెరిగి పెద్దవాడై మెకంజీ ఆ రేవునందలి సుంకపు కార్యాలయమున ఉద్యోగమున చేరెను. గణితమనిన ఆయనకు మిక్కిలి మక్కువ.

ఆ మక్కువయే ఆయన జీవితమును మార్చినది. జాన్ నేపియర్ అను స్కాట్లండు పండితుడు 1614లో సంవర్గమానములను లోకమునకు వెల్లడించెను. పెద్ద పెద్ద గుణకార భాగహారములను సులువుగా చేయుటకు ఆ పద్ధతి ఉపకరించును. ఆయన వంశమున పుట్టిన నేపియర్ ప్రభువొకడు తన పూర్వపురుషుని చరిత్రము వ్రాయదలచెను. ఆ గ్రంథమునకై ప్రాచీన హిందువుల గణితశాస్త్రమును గూర్చిన విషయములు కావలసివచ్చెను. వానిని సేకరించు పనిలో యువకుడైన మెకంజీ సాయపడెను. గ్రంథము పూర్తిగాక మునుపే ఆ ప్రభువు మరణించెను. కాని మెకంజీ మనస్సున హిందూదేశమును చూడవలెనను కోరిక నాటుకొనెను. ఒక కుటుంబమువారు తమ మూలపురుషుని వెదకుటకు పూనుకొనగా, ఆ వెదకులాట వేలమైళ్ల దూరమున మన పూర్వుల చరిత్రమునకు దారి చూపుట విచిత్రమే కదా!

మెకంజీ ఈస్టిండియా కంపెనీ సైన్యమున ఉద్యోగము సంపాదించి 1783వ సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీన చెన్నపట్టణమున దిగెను. అప్పటికి ఆయన వయస్సు సుమారు ముప్పదియేండ్లు. నేపియర్ ప్రభువు కుమార్తె హెస్టర్ తన భర్త జాన్‌స్టన్‌తో అప్పుడు మధురలో నివసించుచుండెను. ఆమె ఆహ్వానించగా మెకంజీ అచ్చటికి పోయి, ఆ నగరమునందలి బ్రాహ్మణపండితులతో పరిచయము గావించుకొనెను. ఈ దేశచరిత్రమునకు కావలసిన యాధారములు దేవాలయములందును, శిలలయందును, పండితుల యిండ్ల తాటాకు గ్రంథములందును దాగియున్నవని ఆయన అచ్చట గ్రహించెను.

గ్రహించినంతమాత్రమున పని జరుగలేదు. సైనికునకు తీరికయెక్కడిది? ఇంజనీరు శాఖలో చేరి ఆయన ఒక దండయాత్రనుండి మఱియొక దండయాత్రకు తిరుగుచుండెను. 1788లో గుంటూరు సర్కారు కంపెనీవారి వశమైన పిమ్మట ఈ ప్రాంతపు బాటలను కొలిచి పటములు గీచెను. 1790 మొదలు 1792 వఱకు మైసూరు యుద్ధమున పాల్గొనెను. తరువాత నిజాము రాజ్యమున సర్వేపనికి నియుక్తుడాయెను. 1796 నాటికి సింహళద్వీపమునుండి మరలివచ్చెను. ఇట్లు పదుమూడేండ్లు గడచిపోయెను. కొండలను, ఏరులను కొలుచుట ఆయనకు కరతలామలకమైనది గాని, ఆ కొండలక్రింద నివసించు ప్రజల మాట మాత్రము తెలియదు. సంస్కృతము రాదు. తెలుగు, కన్నడము, తమిళము రావు. తలుపు కనబడుచున్నను తాళపుచెవి చేతికి చిక్కలేదు.

ఆ తాళపుచెవి 1796లో ఒక తెలుగు యువకుని రూపమున లభించెను. అతడు ఏలూరి వాస్తవ్యుడైన కావలి వెంకట బొర్రయ్య. అప్పటికి ఇరువదియేండ్ల ప్రాయమువాడు. నియోగి బ్రాహ్మణుడు, తెలుగు సంస్కృతములతోపాటు ఇంగ్లీషును నేర్చినవాడు, మాటనేర్పరి, ఓర్పు గలవాడు. నెల్లూరు ప్రాంతమున కావలి అను ఊరు గలదు. ఏలూరివారైన ఈ సోదరుల యింటిపేరు వినినపుడు మనకు ఏదో పాతవలసయే తలపునకు వచ్చును. బొర్రయ్య మెకంజీ వద్ద ప్రధాన దుబాసిగా చేరెను. తాను భారతీయ విజ్ఞానమందిరమున తొలి యడుగు పెట్టుటకు కారకుడు ఈ యువకుడేయని మెకంజీ తరువాత ఒక లేఖలో కృతజ్ఞతతో ఒప్పుకొనెను.

ఆ కాలమున గ్రామముల లెక్కలు కరణముల చేతిలో నుండెడివి. పొలము లెంత, పన్ను లెంత, మాన్యము లెవరివి, దేవాలయమున కెవరేమిచ్చిరి అను విషయములను కరణము గంటముతో తాటాకులపై వ్రాసి కట్టగట్టి దాచుకొనువాడు. వానినే కవిలెలందురు. తండ్రినుండి కొడుకునకు కరణీకముతోపాటు కవిలెకట్టలును సంక్రమించెడివి. వంశములు, మిరాశీలు, తగవులు, తీర్పులు అన్నియు ఆ యాకులలోనే యుండెడివి. చెదలు తినగా మిగిలినవియు, ఇల్లు కాలినపుడు బయటపడవేయగా దక్కినవియు మాత్రమే నిలిచెడివి.

ఒక దినమున తెల్లదొర పంపిన మనుష్యులు ఊరిలోనికి వచ్చి, కవిలెలు చూపుడు, శాసనములు చూపుడు, మీ తాతముత్తాతల పేర్లు చెప్పుడని యడిగినచో ఊరివారి కెట్లుండును? పన్ను పెంచుటకు వచ్చిరని భయపడుదురు. మాన్యములు ఊడలాగుకొందురని శంకింతురు. తామ్రశాసనమును గోడలో దాచిపెట్టి, మాయొద్ద నేమియు లేదందురు. ఆ భయము నిరాధారమని చెప్పజాలము. కంపెనీ వ్యాపారముతోపాటు రాజ్యమును ఏలుచున్న కాలమది. మెకంజీ గీచిన పటములు కంపెనీ పరిపాలనకే ఉపయోగపడినవి. అయినను ఎవరిని గాని బెదరింపక, మర్యాదతో మెలగి విషయములు రాబట్టవలెనని ఆయన కోరిక. బొర్రయ్యయు, అతని సహచరులును ఆ నియమమునే పాటించి ఊరిపెద్దలతోను, అర్చకులతోను, కరణములతోను ఓర్పుతో ముచ్చటించిరి. క్రమముగా మూతపడిన పెట్టెలు తెరువబడెను.

ఇట్లు వ్రాయబడిన గ్రామవృత్తాంతములకే కైఫీయతులని పేరు. కైఫీయతనగా స్థితిగతుల వివరము. మన గుంటూరు ప్రాంతపు కైఫీయతులలో మొదట మౌజే యని చెప్పి గ్రామనామమును, పిదప ఆ యూరు చేరిన సముతును, అటుపై సర్కారు మూర్తజానగరమనియు వ్రాయుదురు. ఈ మూర్తజానగరమెక్కడిదని మీ రడుగవచ్చును. 1580 ప్రాంతమున గోలకొండ సుల్తానులు జయించిన పిమ్మట కొండవీటికి పెట్టిన పేరది. తరువాత ఆ యూరికి పేరెట్లు వచ్చినది, తొలుత అడవి కొట్టి ఊరు కట్టినదెవరు, గుడి కట్టించినదెవరు అను సంగతులుండును. రెడ్డిరాజుల కాలము, గజపతుల కాలము, 1515లో శ్రీకృష్ణదేవరాయలు కొండవీటిని జయించిన కాలము, సుల్తానుల కాలము, జమీందారుల కాలము వరుసగా చెప్పబడును. ఆయా కాలములందు కరణీకము ఏ యింటిపేరువారికి, ఏ గోత్రమువారికి దక్కినదియు తెలుపబడును. కొండవీటి దండకవిలె యను వ్రాతయందు ఆ దుర్గమును పాలించిన ప్రభువుల వృత్తాంతము గలదు.

కైఫీయతులయందు పిల్లలకుగూడ ఆసక్తి గలిగించు భాగము వంశావళియే. ఒక కుటుంబపు మూలపురుషుడు ఫలాన దేశమునుండి కరవుచేతనో, యుద్ధముచేతనో బయలుదేరి వచ్చెను; అతనికి ఇందఱు కొడుకులు; పెద్దవాడు ఇచ్చటనే నిలిచెను; రెండవవాడు ఏరు దాటి పోయెను; కడపటివాడు వేఱొక ప్రభువును కొలిచి జాగీరు పొందెను—ఈ తీరున కథ నడచును. మఱ్ఱిచెట్టు ఊడలు దిగి క్రొత్త మ్రానులుగా మారినపుడు మొదటి మ్రాను ఏదో తెలియనట్లు, కుటుంబములును శాఖలుగా పెరిగి మూలమును మరచిపోవును. నరసరావుపేట మల్రాజువారు, అమరావతి వాసిరెడ్డివారు, చిలకలూరిపేట మానూరివారు మొదలగు జమీందారుల వృత్తాంతములు గ్రామ కైఫీయతులలో తరచుగా తగులుచుండును. ఒక ఊరి వ్రాతలో తెగిన దారము మఱియొక ఊరి వ్రాతలో దొరకును. విడివిడిగా చూచినచో చిన్న చిన్న ముక్కలు. కలిపి చూచినచో ఒక దేశపు చరిత్రము.

1799లో శ్రీరంగపట్టణము పడిపోయి టిప్పూసుల్తాను మరణించెను. పిమ్మట మైసూరు దేశమును కొలుచు భారము మెకంజీపై బడెను. సుమారు 40,000 చదరపు మైళ్ల ప్రదేశమది. కొండలు, అడవులు, జ్వరములు, చాలని జీతములు—ఇన్ని కష్టముల నడుమ ఆ పని పదియేండ్లు సాగెను. కొలతగాండ్రు భూమిని కొలుచుచుండగా బొర్రయ్య పరివారము శాసనములను ఎత్తివ్రాయుచుండెను. హళగన్నడ శాసనములను చదువుటలో బొర్రయ్య విశేషమైన నేర్పు చూపెను. జైనులను గూర్చి అతడు సేకరించిన విషయములు కలకత్తా ఆసియాటిక్ సొసైటీవారి సంపుటమున అచ్చుపడినవి. కాని ఆ యువకుని ఆయువు చాలలేదు. 1803లో, ముప్పదియేండ్లయినను నిండకమునుపే, బొర్రయ్య మరణించెను. ఏడేండ్లు మాత్రమే అతడు మెకంజీ వద్ద పనిచేసెను. ఆ యేడేండ్లలో అతడు వేసిన బాటయే తక్కినవారికి ఆధారమయ్యెను.

అన్న విడిచిన పనిని తమ్ముడు కావలి వెంకట లక్ష్మయ్య చేపట్టెను. లక్ష్మయ్య కార్యదక్షుడు. ద్రవిడ కర్ణాటాంధ్ర దేశములకు మనుష్యులను పంపుచు, వారు వ్రాసిపంపిన లేఖలను చదువుచు, కావలసినవానిని ఇంగ్లీషులోనికి మార్పించుచు ఆయన ఈ సేకరణమునంతటిని నడపెను. మఱియొక సోదరుడైన రామస్వామియు ఈ పనిలో పాల్గొనెను. కర్ణాటకమున ధర్మయ్య అను జైనపండితుడు తోడ్పడెను. వీరి జీతములకును, ప్రయాణములకును అగు ఖర్చులో చాలభాగమును మెకంజీ తన సొంత జీతమునుండియే భరించెను.

వ్రాసి దాచినది నిలుచును, దాచనిది పోవును అను సత్యమును మెకంజీ అమరావతిలో కన్నులార చూచెను. పద్దెనిమిదవ శతాబ్దము చివర రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు చింతపల్లి విడిచి అమరావతికి వచ్చి క్రొత్తపట్టణము కట్టించుచుండెను. ఆ యూరి చెంతనే దీపాలదిన్నె అను పెద్ద దిబ్బ గలదు. కట్టడములకు రాళ్లు కావలసి దానిని త్రవ్వగా, అద్భుతమైన శిల్పములు గల పాలరాతివంటి పలకలు బయటపడెను. అది ప్రాచీన బౌద్ధస్తూపమని అప్పటివారెవరికిని తెలియదు. ఈ వార్త విని మెకంజీ ఆ శతాబ్దము ముగియకమునుపే అచ్చటికి పోయి చూచెను. ఆయన 1816లో మరల తన చిత్రకారులతో పోవునప్పటికి ఎన్నియో పలకలు కనబడకుండెను. కొన్ని మెట్లయినవి. కొన్ని గోడలలో చేరినవి. కొన్ని సున్నపుబట్టీలలో కాలిపోయినవి. మిగిలినవానిని శ్రద్ధతో కొలిపించి, చిత్రములు గీయించెను. తరువాత నశించిన కొన్ని శిల్పములకు నేడు ఆ చిత్రములే సాక్ష్యములు.

ఇంతకుమునుపే, 1811లో, కంపెనీవారు జావాద్వీపముపై దండెత్తినపుడు మెకంజీ ఆ సైన్యముతో పోయెను. అచ్చట రెండేండ్లుండి, ప్రంబానన్ అను చోట శిథిలములైన హిందూదేవాలయములను పరిశీలించెను. మన దేవతలు సముద్రము దాటి అంతదూరమున వెలయుట చూచి వలసలయొక్క మహిమను తెలిసికొనెను. ఆయన వివాహమాడినదియు ఆ ద్వీపమునందే. 1815లో ఆయన భారతదేశమునకంతకును సర్వేయర్ జనరల్‌గా నియమింపబడెను. ఆ పదవి పొందినవారిలో ఆయనయే ప్రథముడు.

1816లో థామస్ హిక్కీ అను ఐర్లండు చిత్రకారుడు మెకంజీ చిత్రపటమును వ్రాసెను. ఎఱ్ఱని సైనికదుస్తులలో పొడుగరియైన మెకంజీ నిలిచియుండును. ఆయనచుట్టు ముగ్గురు భారతీయులుందురు. ఒకరిచేతిలో తాటాకుగ్రంథము, ఒకరిచేతిలో దూరదర్శని యుండును. వెనుక దూరమున గోమఠేశ్వరుని గొప్పవిగ్రహము కనబడును. గొప్ప దొరలు ఒంటరిగా చిత్రపటములు వ్రాయించుకొను ఆ కాలమున మెకంజీ తన సహాయులను ప్రక్కన నిలుపుకొనెను. వారు లేనిదే తన పని లేదని ఆయన యెరుగును.

మెకంజీకి తాను సేకరించినవానినన్నిటిని క్రమపరచి, ఒక పట్టిక సిద్ధము చేయవలెనని కోరిక. తీరిక దొరకిన పిమ్మట చేయుదమని యనుకొనుచుండగనే ఆరోగ్యము చెడెను. సముద్రపుగాలి మేలు చేయునని పడవలో బయలుదేరి, 1821 మే 8వ తేదీన కలకత్తా సమీపమున ప్రాణములు విడిచెను. ఈ దేశమునకు వచ్చిన పిమ్మట ముప్పదియెనిమిదేండ్లలో ఆయన ఒక్కమారైనను తాను పుట్టిన దీవికి పోలేదు. వేలకొలది వంశముల వలసలను వ్రాయించినవాడు తానును వలసవచ్చినచోటనే మన్నైపోయెను. కలకత్తాలోని సౌత్ పార్కువీధి శ్మశానమున ఆయన సమాధి గలదు.

ఆయన భార్యనుండి ఆ సంచయమును కంపెనీ ప్రభుత్వము లక్షరూపాయలకు కొనెను. హెచ్. హెచ్. విల్సన్ అను పండితుడు దానిని పరిశీలించి 1828లో పట్టిక ప్రకటించెను. దానినిబట్టి 1568 గ్రంథములును, 2070 స్థానిక వృత్తాంతములును, 8076 శాసనముల ప్రతులును, 2630 చిత్రములును, 6218 నాణెములును ఆ సంచయమున నుండెనని తెలియుచున్నది. చెదరిన కుటుంబముల కథలను ఒకచోట చేర్చిన ఆ కాగితములు తామే చెదరిపోయినవి. కొన్ని లండనునకు పోయినవి. కొన్ని కలకత్తాలో నిలిచినవి. దక్షిణదేశభాషలలోని వ్రాతలు చాలవఱకు చెన్నపట్టణమునకు మరలివచ్చినవి.

ఈ పనిని తాను కొనసాగింతునని లక్ష్మయ్య ప్రభుత్వమునకు విన్నవించుకొనెను. ఇరువదియేండ్లు దానిని నడపినవాడు ఆయనయే. అంతకన్న తగినవాడెవడు? కాని 1830 తరువాత ఆయన విన్నపమును పరిశీలించిన ఆంగ్లపండితులు, భారతీయుడు స్వతంత్రముగా ఇట్టి పరిశోధన చేయజాలడని తలచి త్రోసిపుచ్చిరి. ఆ పని టేలరు అను క్రైస్తవమతాచార్యునకు అప్పగింపబడెను. మెకంజీ చిత్రపటమున స్థానమిచ్చినవారికి కంపెనీ కార్యాలయమున స్థానము లేకపోయెను. ఇది న్యాయము కాదని నేడు మనమందఱము చెప్పగలము. రామస్వామి మాత్రము 1829లో దక్కను కవుల చరిత్రములను ఇంగ్లీషున రచించి ప్రకటించి కీర్తి పొందెను.

కాలము గడచినకొలది ఆ కాగితములు చిరుగుచు, సిరా వెలవెలబోవుచుండెను. అప్పుడు సి. పి. బ్రౌను దొర పూనుకొని, తెలుగు వృత్తాంతములకు మరల ప్రతులు వ్రాయించెను. మూలములు జీర్ణించినచోట ఆ ప్రతులే నేడు ఆధారములు. 1948లో ఆంధ్రవిశ్వవిద్యాలయము ప్రకటించిన రెడ్డిరాజ్యముల చరిత్రమును వ్రాయునపుడు మల్లంపల్లి సోమశేఖరశర్మగారు శాసనములతోపాటు ఇట్టి స్థానిక వృత్తాంతములనుగూడ ఉపయోగించుకొనిరి. కడప జిల్లా కైఫీయతులను కడపలోని బ్రౌను పరిశోధనకేంద్రమువారు సంపుటములుగా ప్రకటించిరి.

కైఫీయతులయందు వ్రాసినదంతయు సత్యమేయని నమ్మరాదు. జమీందారు తన వంశమును పెంచి చెప్పుకొనవచ్చును. కరణము తన మిరాశీని నిలుపుకొనుటకు ఒక తరమును చేర్చవచ్చును. పురాణకథ చరిత్రముతో కలిసిపోవచ్చును. రాజుల సంవత్సరములు తారుమారుగా నుండవచ్చును. కాబట్టి చరిత్రకారులు కైఫీయతును శాసనముతోను, ఒక ఊరి మాటను మఱియొక ఊరి మాటతోను సరిపోల్చి చూతురు. అంతేకాదు, భూమి గలవారి వంశములు, పదవి గలవారి వంశములు వానిలో విరివిగా నున్నవి. దుక్కిదున్నిన పాలేరు తాతపేరును, రాయికొట్టిన వడ్డెరవాని తాతపేరును అడిగినవారు అరుదు. ఆ లోపమును మనము మరువరాదు.

తెలుగువారి వలసలు మెకంజీతో ముగియలేదు. పందొమ్మిదవ శతాబ్దమున మన కోస్తాజిల్లాలనుండి ఎందరో కూలీలుగా మారిషస్, దక్షిణాఫ్రికా, బర్మా దేశములకు ఓడలెక్కిరి. నేడు వారి మునిమనుమలు తమ పూర్వులు ఏయూరివారో తెలిసికొనగోరి ఓడల పట్టికలను తిరుగవేయుచున్నారు. మారిషస్ లోని మహాత్మాగాంధీ సంస్థయందు అట్టి పట్టికలు భద్రపరుపబడియున్నవి. దక్షిణాఫ్రికాకు పోయిన ఓడల పట్టికలలో కూలీపేరు, తండ్రిపేరు, ఊరిపేరు వ్రాయబడెను. పోలండు దేశమునుండి అమెరికాకు వలసపోయినవారి సంతతియు ఇట్లే దేవాలయపు జనన మరణ పుస్తకములను, ఓడల పట్టికలను వెదకి, చెదరిన బంధువులను కలిసికొనుచున్నారు. ఎవడో ఒక గుమాస్తా విసుగుకొనక వ్రాసిన ఒక్క పంక్తి నూరేండ్ల పిమ్మట ఒక కుటుంబమునకు పెన్నిధి యగును.

మన గ్రామములలో 1984లో కరణీకము రద్దయినది. కవిలెలు వ్రాయువారు లేరు. వాని స్థానమున ప్రభుత్వపు దస్తరములు వచ్చినవి. కాని వానిలో పొలముల లెక్క యుండునేగాని, మీ తాత ఏ కరవులో ఏ యూరు విడిచివచ్చెనో యుండదు. ఆ సంగతి ఇంటనున్న వృద్ధుల జ్ఞాపకమున మాత్రమే యున్నది. ఎడ్లపాటి బడినుండి ఇంటికి పోవు బాలుడు కొండవీటి కొండను దినదినము చూచుచునే యుండును. కొండ ఎక్కడికిని పోదు. వృద్ధుల మాట అట్లు కాదు. అడుగకున్న వారితోనే పోవును. మెకంజీవలె లక్షలు ఖర్చుపెట్టనక్కరలేదు. బొర్రయ్యవలె అడవులు తిరుగనక్కరలేదు. ఒక సాయంకాలము అవ్వ చెంత కూర్చుండి, ఆమె పుట్టిన యూరి పేరును, ఆమె అమ్మమ్మ పేరును అడిగి, నోటుపుస్తకమున వ్రాసికొని, ఆనాటి తేదీ వేసిన చాలును.